అది విడిగా రాదండీ



కారు ముందు చక్రం ఊడదీసి లోపలికి తొంగిచూస్తే, స్టీరింగ్ నుంచి వచ్చే కడ్డీ చక్రాన్ని పట్టుకునే చోట ఒక బాల్ జాయింటు కనిపిస్తుంది. మెకానిక్కులు దాన్ని టై రాడ్ ఎండ్ అంటారు. చాలా బళ్ళలో దాన్ని బిగించే నట్టుకి పైన గాట్లుంటాయి. ఆ గాట్లలోంచి, బోల్టుకి అడ్డంగా ఉన్న బెజ్జంలోంచి దూర్చి, కొసలు రెండూ చెరోవైపుకి వంచిన చిన్న ఇనప తీగ ఒకటుంటుంది. కాటర్ పిన్ను. పొడవు రెండు మూడు సెంటీమీటర్లు, అంతే. బండి రోజూ గోతుల్లో పడి లేస్తుంటే ఎంత బిగించిన నట్టయినా కొన్నాళ్ళకి సడలవచ్చు. సడలిన నట్టు తిరిగి తిరిగి ఊడిపోకుండా ఆపేది ఈ తీగే. అది లేక నట్టు ఊడిందా, కడ్డీ జారిపోతుంది. కడ్డీ జారాక స్టీరింగ్ చేతిలో తిరుగుతుంది, చక్రం మాత్రం మాట వినదు. హైవే మీద అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అంత బరువైన బాధ్యత ఉన్న ఆ తీగ ఖరీదు కొద్ది రూపాయలే. కానీ ఇంటి దగ్గర పనిచేసుకునేటప్పుడు అది చేజారి కాలవలో పడిందనుకోండి, అలాంటిది ఇంకోటి సంపాదించటానికి ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రోజంతా పోతుంది. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఇలాంటి చిల్లర సామాను గురించే. నట్లు, వాషర్లు, క్లిప్పులు, స్ప్రింగులు, రబ్బరు మూతలు. బండి తయారుచేసేవాళ్ళకి ఇవి లెక్కలోకి రావు. అమ్మేవాళ్ళకి వీటి మీద మిగిలేదేమీ లేదు. పోగొట్టుకున్న మనిషికి మాత్రం ఇవి దొరికేదాకా బండి కదలదు.

సొంత కారుకి సొంతంగా మరమ్మతు చేసుకునేవాళ్ళు మన ఊళ్ళల్లో తక్కువేం కాదు. రిటైరైన ఉద్యోగులున్నారు. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన కుర్రాళ్ళున్నారు. అద్దెకి కార్లు తిప్పుకుని బతికే డ్రైవర్లున్నారు. ఇంజనాయిలు మార్చుకోవటం, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ, కాస్త చెయ్యి తిరిగినవాళ్ళయితే వెనక బ్రేకు షూలు కూడా ఇంటి దగ్గర శుభ్రంగా చేసుకోవచ్చు. డబ్బు కలిసొస్తుందన్నది నిజమే. అంతకుమించి, తన బండి లోపల ఏముందో తన చేతులకి తెలిసి ఉండటంలో ఒక ధైర్యం ఉంది. నల్లమల ఘాట్ రోడ్డులో రాత్రిపూట బండి ఆగినా ఆ మనిషి బెంబేలెత్తిపోడు. ఈ అలవాటు మన మధ్య ఇంకా పెరగాలని నా కోరిక. అందుకే, అంత ఉత్సాహంగా మొదలెట్టిన పని ఒక స్ప్రింగు దొరక్క ఆగిపోవటం చూస్తే నాకు బాధేస్తుంది. కోపం కూడా వస్తుంది.

మా వీధిలో ఒక క్యాబ్ డ్రైవరున్నాడు. వెనక బ్రేకు పని తనే చేసుకుంటాడు, చక్కగా చేస్తాడు. వెనక ఒక్కో చక్రం డ్రమ్ములో రెండు బ్రేకు షూలుంటాయి. ఒక్కో షూని వెనక రేకుకి అదిమి పట్టుకునేది ఒక సన్నటి పిన్ను, ఒక స్ప్రింగు, దానిమీద ఒక గుంట బిళ్ళ. బిళ్ళని పట్టకారుతో అదిమి పావు చుట్టు తిప్పితే ఊడి వస్తుంది. తిప్పేటప్పుడు పట్టకారు కాస్త జారితే స్ప్రింగు ఎగిరిపోతుంది. ఒక శనివారం సాయంత్రం అలాగే ఎగిరింది. బిళ్ళ దొరికింది, స్ప్రింగు దొరకలేదు. అతని బామ్మర్ది సెల్‌ఫోన్ లైటు వేసుకుని పూలకుండీల వెనకా, పక్కింటి మెట్ల కిందా గాలించాడు. చీకటిపడ్డాక విసుగొచ్చి, “బావా, మిగతా మూడూ ఉన్నాయిగా, ఈ పూటకి డ్రమ్ము బిగించెయ్” అన్నాడు.

“జనాన్ని ఎక్కించుకునే బండిరా ఇది” అని అతను పానాలన్నీ పెట్టెలో సర్దేశాడు. ఆ రాత్రి ఎయిర్‌పోర్టుకి ఒప్పుకున్న ట్రిప్పు ఇంకొకరికి ఇచ్చేశాడు.

మర్నాడు ఆదివారం, కొట్లు తియ్యరు. సోమవారం అతనితోపాటు నేనూ ఒక సర్వీసు సెంటర్‌కి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లో బొమ్మ తీసి చూపించాడు. బొమ్మలో స్ప్రింగు ఉంది, స్పష్టంగా ఉంది. దాని పక్కన నంబరు లేదు. “అది విడిగా రాదండీ. షూ సెట్టుతోపాటు వస్తుంది. సెట్టు కూడా స్టాకు లేదు, ఆర్డరు పెట్టమంటారా?” అని మర్యాదగానే అడిగాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. కంప్యూటర్లో లేనిది అతను మాత్రం ఎక్కణ్ణించి తెస్తాడు? చొక్కా గుండీ ఊడిందంటే చొక్కా కొనుక్కోమన్నట్టుంది వ్యవహారం. షూలు కొత్తవి ముందే కొని ఇంట్లో పెట్టుకున్న మనిషి మళ్ళీ షూలు కొనాలి. బండి ఆగినా బండి మీద తీసుకున్న అప్పు వాయిదా ఆగదు. చివరికి ఆటోనగర్లో, పాత బళ్ళు విప్పి సామాను అమ్మే కొట్లో అలాంటి స్ప్రింగే దొరికింది. కొట్టాయన దానికి డబ్బులు కూడా పుచ్చుకోలేదు.

ఈ సామాను ఎందుకిలా మాయమవుతుందో ఒక్క మాట చెప్తాను. పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజను పక్కనుంచి నేల కనిపించేది. జారిన నట్టు నేల మీద పడేది, తీసుకునేవాళ్ళం. ఇప్పటి బండిలో వేలు దూరే సందు లేదు. పైనుంచి జారిన నట్టు బ్యాటరీ పళ్ళెం కిందో, వైర్ల కట్ట మీదో, ఇంజను అడుగున బిగించిన ప్లాస్టిక్ రేకు మీదో ఆగిపోతుంది. నేల మీద పడిన చప్పుడు వినపడలేదంటే అది బండిలోనే ఎక్కడో ఉంది. దాన్ని తియ్యకుండా స్టార్టు చెయ్యకండి. బెల్టుకీ పుల్లీకీ మధ్య పడితే బెల్టు తెగుతుంది. ఫ్యాను రెక్క దాన్ని విసిరికొడితే రేడియేటర్‌కి బెజ్జం పడుతుంది. స్పార్క్ ప్లగ్గు తీసిన రంధ్రంలోకి ఒక్క వాషరు పడినా పిస్టనూ వాల్వులూ దెబ్బతింటాయి. ప్లగ్గు తియ్యగానే ఆ రంధ్రానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టాలని పాత మేస్త్రీలు పట్టుబట్టేది అందుకే. పొడవాటి కడ్డీ చివర అయస్కాంతం ఉన్న పనిముట్టు బజార్లో దొరుకుతుంది, కొనుక్కోండి. కానీ రాగి వాషరు, అల్యూమినియం వాషరు, ఇత్తడి నట్టు, ప్లాస్టిక్ క్లిప్పు దానికి అంటుకోవు. స్టెయిన్‌లెస్ స్టీల్లో కూడా చాలా రకాలు అంటుకోవు. బండి కింద పాత దుప్పటి పరుచుకోవటం, విప్పేముందు ఫోనుతో ఫోటో తీసుకోవటం, ఒక్కో చోట విప్పిన సామాను ఒక్కో గిన్నెలో వేసుకోవటం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఎంత జాగ్రత్త పడ్డా పోయేవి కొన్ని పోతూనే ఉంటాయి.

కొన్నయితే పోవు, విప్పుతుంటేనే విరుగుతాయి. బంపర్నీ, చక్రం పైనుండే ప్లాస్టిక్ రేకునీ, తలుపు లోపలి అట్టనీ పట్టి ఉంచే క్లిప్పులు ఎక్కువగా నైలానుతో చేసినవి. నైలాను గాల్లో తేమని కాస్త పీల్చుకుని సాగుడుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇంజను వేడికీ ఎండకీ ఆరిపోయి పెళుసెక్కుతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో పదేళ్ళు ఎండలో నిలబడ్డ బండి క్లిప్పుని ఎంత సున్నితంగా లాగినా మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది. లాగినవాడి మొరటుతనం కాదు అది, దాని ఆయుష్షు తీరింది. ఆయుష్షు తీరక తప్పని వస్తువు విడిగా దొరకాలా వద్దా? కొన్ని క్లిప్పులు విడిగా వస్తాయి గానీ ఒక్కటి కావాలంటే పది ఉన్న ప్యాకెట్టు కొనాలి. కొన్నిటికి అదీ లేదు. దాంతో జనం వైరు కట్టే ప్లాస్టిక్ పట్టీతో లాగి కట్టేస్తారు. నాలుగు రోజులకి అది తెగి రేకు వేలాడి టైరుకి రాసుకుంటుంది. వానాకాలం బురద నీళ్ళన్నీ లోపలున్న కనెక్టర్ల మీద పడతాయి. ఆ తర్వాత లైటు ఎందుకు వెలగటం లేదో, సెన్సారు ఎందుకు పనిచెయ్యటం లేదో తెలుసుకోవటానికి వేలల్లో ఖర్చు.

ఇప్పుడు బోల్టు సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తాను, కాగితం దగ్గరుంటే రాసుకోండి.

మెకానిక్కు పదో నంబరు, పన్నెండో నంబరు అనేది పానా సైజు. అంటే బోల్టు తల వెడల్పు. బోల్టు లావు వేరు. పదో నంబరు పానా పట్టే బోల్టు లావు సాధారణంగా 6 మిల్లీమీటర్లు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే జపాను తరహా బళ్ళలో 8 మిల్లీమీటర్ల బోల్టుకి పన్నెండో నంబరు పానా, 10 మిల్లీమీటర్ల బోల్టుకి పద్నాలుగో నంబరు పడతాయి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టుకేమో పదమూడో నంబరు పానా కావాలి, 10 మిల్లీమీటర్ల దానికి పదహారో పదిహేడో కావాలి. అందుకే కొట్లోకి వెళ్ళి “పన్నెండో నంబరు బోల్టు” అని అడిగితే, కొట్టాయన 12 మిల్లీమీటర్ల లావున్న బోల్టు తెచ్చి ముందు పెడతాడు. ఆయన తప్పు లేదు, అడిగినవాడి తప్పూ లేదు. ఆ తేడా చెప్పినవాళ్ళే లేరు.

లావు తెలిశాక మర సంగతి చూడాలి. ఒక మర గట్టుకీ పక్క గట్టుకీ మధ్య దూరాన్ని పిచ్ అంటారు. 6 మిల్లీమీటర్ల బోల్టుకి మామూలుగా పిచ్ 1 మిల్లీమీటరు. 8 మిల్లీమీటర్ల దానికి 1.25. చిక్కంతా 10 మిల్లీమీటర్ల దగ్గరే. హార్డ్‌వేర్ కొట్టు బోల్టుకి 1.5 ఉంటుంది, జపాను తరహా కార్లలో ఎక్కువగా 1.25 ఉంటుంది. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంటే కంటికి తేడా తెలియదు. తప్పు బోల్టు కూడా వేళ్ళతో ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది. సరిపోయిందనిపిస్తుంది. తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ పానా వేసి బలవంతం చేశారా, లోపలి మర నలిగిపోతుంది. అది అల్యూమినియం ఇంజను బాడీ అయితే లేత్ మేస్త్రీ దగ్గరికి పోయి బెజ్జం పెద్దది చేయించి కొత్త మర పెట్టించుకోవాలి.

కొలవటం కష్టమేం కాదు. పోయిన బోల్టుకి జోడు దాదాపు ఎప్పుడూ ఆ పక్కనే ఉంటుంది. దాన్ని విప్పి, స్కేలు ఆనించి పది మరల పొడవు కొలవండి. 12.5 మిల్లీమీటర్లు వస్తే పిచ్ 1.25. పదిహేను వస్తే 1.5. స్కేలు కూడా లేకపోతే, కొట్లో ఇచ్చిన బోల్టునీ మీ బోల్టునీ ఒకదాని మరలో ఇంకోదాని మర కూర్చునేలా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. సందులోంచి వెలుతురు రాకపోతే రెండూ ఒకటే. చక్రం నట్లకీ ఇదే లెక్క. మారుతి చిన్న కార్ల చక్రం నట్టు 12 మిల్లీమీటర్లు, పిచ్ 1.25. హ్యుందాయ్ చిన్న కార్లదీ 12 మిల్లీమీటర్లే, కానీ పిచ్ 1.5. నట్టు పోయిందని పక్కింటివాళ్ళ వేరే కంపెనీ కారు నట్టు అడిగి తెచ్చి బిగించకండి.

లావూ పిచ్చూ కుదిరినా ఇంకో సంగతి మిగిలే ఉంటుంది. బోల్టు తల మీద చిన్న అంకెలుంటాయి చూడండి. 8.8 అని ఉంటే, ఆ బోల్టు చదరపు మిల్లీమీటరుకి దాదాపు 80 కిలోల లాగుడు దాకా తెగకుండా ఓర్చుకుంటుందని అర్థం. చుక్క తర్వాతి 8 ఏం చెబుతుందంటే, అందులో 80 శాతం దాటితే అది శాశ్వతంగా సాగటం మొదలుపెడుతుంది. 10.9 అయితే ఇంకా గట్టిది. జపాను తరహా బోల్టుల మీద ఒట్టి 4 అనో 7 అనో ఉంటుంది. 7 ఉన్నది ఎక్కువ బలమైనది. హార్డ్‌వేర్ కొట్లో కిలోల లెక్కన అమ్మే మామూలు బోల్టు 4.6 రకం. అంటే 8.8 బోల్టులో సగం బలం. గేటుకీ, మంచానికీ అది చాలు. బ్రేకు క్యాలిపర్‌కి బిగిస్తే, బిగించిన రోజు బాగానే ఉంటుంది, ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఇంట్లో పనిచేసుకునే ప్రతివాళ్ళూ బోల్టు తల మీది అంకె చదవటం నేర్చుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

రబ్బరు సామాను ఇంకో రకం. ఇంజనాయిలు తగిలే చోట ఉండే ఓరింగు మామూలుగా నైట్రైల్ రబ్బరుది. బ్రేకాయిలు తగిలే చోట ఈపీడీఎం అనే వేరే రబ్బరు వాడతారు. ఒకదాని చోట ఇంకోటి వేస్తే ఉబ్బి పాడైపోతుంది. నీళ్ళ మోటారు సామాను అమ్మే కొట్లో సైజు సరిపోయిందని తెచ్చి వెయ్యకూడదు. ఆయిలు మార్చినప్పుడు అడుగు బోల్టు కింద తీసేసే వాషరు కూడా అంతే. అది ఒకసారి నలిగి బెజ్జాన్ని మూసేందుకు చేసిందే. రాగిదయితే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది, పాత మేస్త్రీలు అలాగే వాడుకునేవాళ్ళు. మిగతా రకాలు కొత్తవి వేసుకోవలసిందే.

బ్రేకులో గాలి తీసే చిన్న నిప్పల్ మీద ఒక రబ్బరు టోపీ ఉంటుంది. చిటికెన వేలి గోరంత. చాలా బళ్ళలో అది ఎప్పుడో పోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది లేకపోతే నిప్పల్ రంధ్రంలోకి బురదా నీళ్ళూ చేరి తుప్పు పడుతుంది. రెండేళ్ళ తర్వాత గాలి తియ్యటానికి పానా వేస్తే నిప్పల్ సగానికి విరిగి లోపలే ఉండిపోతుంది. అప్పుడు క్యాలిపర్ మొత్తం మార్చమంటారు. చిన్న టోపీ లేకపోవటం వల్ల వేల రూపాయల క్యాలిపర్ పాతసామాన్లవాడికి పోతుంది. ఆ టోపీ విడిగా కావాలని అడిగి చూడండి. కిట్టులో వస్తుందంటారు.

నిజానికి పోయిన బోల్టుకి బదులు ఇంకోటి ఎక్కడైనా దొరకాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఒక్కో కార్ఖానాది ఒక్కో మర. ఒకచోట చేసిన బోల్టు ఇంకోచోట చేసిన నట్టుకి పట్టేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక వర్క్‌షాపుల నుంచి బోల్టులు సేకరించి, కొలిచి, 1841లో అందరికీ ఒకే తీరు మరని ప్రతిపాదించాడు. ఆయన పెట్టిన మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. ఈనాటి మెట్రిక్ మరది ఆ 60 డిగ్రీలే. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకి మారింది. అయినా అంబాసిడర్ బండికి మాత్రం చివరిదాకా అంగుళాల పానాలు దగ్గరుంచుకోవాల్సి వచ్చేది. అంతమంది కష్టపడి బోల్టుకీ నట్టుకీ ఒక పద్ధతి తెచ్చారు. క్లిప్పుకీ, స్ప్రింగుకీ, టోపీకీ ఆ పద్ధతి ఇప్పటికీ రాలేదు. ఒకే కంపెనీలో కూడా చాలాసార్లు ఒక మోడల్ క్లిప్పు ఇంకో మోడల్‌కి పట్టదు.

అంబాసిడర్, మారుతి 800 ఉన్న రోజుల్లో ఈ ఇబ్బంది ఇంతగా ఉండేది కాదు. దశాబ్దాల పాటు లక్షల బళ్ళు దాదాపు ఒకే సామానుతో తిరిగాయి. చిన్న ఊరి సెంటర్లో సైకిల్ సామాను అమ్మే కొట్లో కూడా వాటి వాషరో స్ప్రింగో దొరికేది. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. ఇప్పుడు కొన్నేళ్ళకోసారి మోడల్ మారిపోతుంది, దానితోపాటు చిల్లర సామాను చాలావరకు మారిపోతుంది. ఏ కొట్టాయన మాత్రం అన్ని రకాలూ తెచ్చి పెట్టుకోగలడు?

సరిగ్గా ఆ 2014లోనే ఇంకో పెద్ద విషయం జరిగింది. విడిభాగాలు బయట మార్కెట్లో దొరకనివ్వటం లేదన్న ఫిర్యాదు 2011లో కాంపిటీషన్ కమిషన్ ముందుకి వచ్చింది. కమిషన్ విచారించి 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, మరమ్మతుకి కావలసిన సమాచారమూ, పనిముట్లూ బయటి మెకానిక్కులకి అందకుండా చేయటం పోటీని దెబ్బతీయటమే అంది. కంపెనీలు ఆ తీర్పు మీద పైకి వెళ్ళాయి. విచారణలో వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి భద్రత. తర్ఫీదు లేనివాళ్ళు బండి మీద చెయ్యి వేస్తే ప్రమాదమన్నారు.

ఆ మాట నేను కొట్టిపారెయ్యను. బ్రేకు పని తెలియనివాళ్ళు బ్రేకు ముట్టుకోకూడదు, ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. కానీ భద్రత పేరు చెప్పి చిల్లర సామాను ఆపితే జరిగేదేమిటి? పని ఆగదు. కాటర్ పిన్ను చోట మేకు వంచి పెడతారు. 8.8 బోల్టు చోట 4.6 బోల్టు బిగిస్తారు. రోడ్డు పక్క షెడ్డులో నేను కళ్ళారా చూశాను. సరైన పిన్ను పక్క కొట్లో కొద్ది రూపాయలకి దొరికి ఉంటే ఆ మేస్త్రీ మేకు వాడేవాడు కాదు. భద్రత కావాలనుకునేవాళ్ళు ముందుగా చెయ్యాల్సిన పని, సరైన సామాను అందరికీ అందేలా చూడటమే.

మన ఆటోనగర్లలో పాత సామాను కొట్ల గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. విజయవాడ ఆటోనగర్లో, హైదరాబాదు పుత్లీబౌలీలో, రాణీగంజ్ నట్టు బోల్టు కొట్లలో ముప్ఫై నలభై ఏళ్ళుగా కూర్చున్న పెద్దవాళ్ళున్నారు. కోసిన నూనె డబ్బాలనే అరలుగా పేర్చి ఉంటాయి. విరిగిన క్లిప్పు చేతికిస్తే అలాంటి పెద్దాయన మాటల్లేకుండా రెండు వేళ్ళ మధ్య తిప్పి చూస్తాడు. మెడ లావు చూస్తాడు, తల వెడల్పు చూస్తాడు, గోటితో నొక్కి చూస్తాడు. “ఇది మీ బండిది కాదు నాయనా, ఎవరో ఇంతకుముందే వేరేది పెట్టారు” అని, మూడో డబ్బాలో చెయ్యి పెట్టి అసలుది తీస్తాడు. ఏ బండి స్ప్రింగు ఏ బండికి సరిపోతుందో ఆయనకి తెలిసినంత ఏ కంప్యూటర్లోనూ లేదు. అది ఎక్కడా రాసి కూడా లేదు. ఆ కొట్లో పనిచేసే కుర్రాళ్ళకి నా విన్నపం, ఆయన చెప్పినప్పుడల్లా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. మన పాలిటెక్నిక్ ఆటోమొబైల్ విద్యార్థులకి ఇంతకంటే పనికొచ్చే ప్రాజెక్టు నాకు కనిపించటం లేదు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలని కూడా అందులో చేర్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, దానికోసం ఒక పోర్టల్ కూడా మొదలైంది. కంపెనీలు తమ సర్వీసు సమాచారాన్ని అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. మంచి పని. కానీ నేను కోరేది అంతకంటే చిన్నదీ, తేలికైనదీ. కౌంటర్లో చూపించే ఆ బొమ్మలో కనపడే ప్రతి వస్తువుకీ ఒక నంబరుండాలి, ఒక ధర ఉండాలి. బండితో ఇచ్చే పుస్తకంలో చివర రెండు పేజీలు కేటాయించి, మామూలుగా పోయే నట్టు బోల్టుల లావూ పిచ్చూ బలమూ అచ్చువెయ్యాలి. ఆయిలు ఎంత పొయ్యాలో అచ్చువేసే పుస్తకానికి ఆ రెండు పేజీలు బరువేమీ కాదు.

అడగందే ఇవేవీ రావు. కౌంటర్లో విడిగా రాదంటే, ఆ మాట ఆర్డరు కాగితం మీద రాసిమ్మని అడగండి. బొమ్మ ఉన్న పేజీ ఫోటో తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫోను చేసినప్పుడు బండి మోడలు, తయారైన సంవత్సరం, వస్తువు ఎక్కడ బిగిస్తారు, దానికి బదులుగా ఏ సెట్టు కొనమన్నారు, ఆ సెట్టు ధరెంత, ఈ వివరాలన్నీ చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇంగ్లీషు రాకపోతే ఆగిపోకండి, తెలుగులోనే చెప్పండి.